పెద్ద యాడ్‌కి సంతకం పెట్టే ముందు: హైదరాబాద్ వ్యాపారులకు అడుగడుగు లెక్క

హైదరాబాద్‌లో ఒక వ్యాపారం కాస్త నిలదొక్కుకుందంటే, ఏదో ఒక రోజు యజమాని నోటి వెంట ఆ మాట వస్తుంది: "ఈసారి పెద్దగా కొడదాం." పెద్దగా అంటే ఐపీఎల్ మధ్యలో పది సెకన్ల స్పాట్, పండగ నాటి పేపర్‌ని చుట్టేసే జాకెట్ యాడ్, అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీ దాకా మెట్రో పిల్లర్లు, అన్నిటి మీదా ఒక హీరో ముఖం. ఆ కోరికలో తప్పేమీ లేదు. పచ్చళ్ల కంపెనీ అయినా, నగల షాపు అయినా, నాలుగు బ్రాంచీలున్న బిర్యానీ హోటల్ అయినా పేరు నలుగురి నోళ్లలో నానితే తప్ప ఒక మెట్టు పైకి ఎక్కడం కష్టం.

ఈ నగరంలో మీడియా ప్లానింగ్, అంటే యాడ్ ఎక్కడ, ఎప్పుడు వెయ్యాలో చూసే పనిలో ఉన్న మనిషిగా నేను గట్టిగా నమ్మేది ఒకటుంది. పెద్ద యాడ్ వల్ల వచ్చే లాభం లెక్క వెయ్యడానికి మనుషులకు కొదవ లేదు. యాడ్ ఏజెన్సీ వేస్తుంది, చానల్ సేల్స్ వాళ్లు వేస్తారు, హీరో మేనేజర్ కూడా వేస్తాడు. నష్టం లెక్క వేసేవాళ్లు మాత్రం ఆ గదిలో ఎవరూ ఉండరు, ఎందుకంటే పోయేది మీ ఒక్కరి సొమ్ము. అందుకే ఆ లెక్క మీరే వెయ్యాలి, లాభం లెక్క కంటే ముందు వెయ్యాలి, కాగితం మీద వెయ్యాలి.

1. యాడ్ ఎవరు చూడాలో తేల్చుకోండి

"అందరూ చూడాలి" అన్నది జవాబు కాదు. పెద్ద యాడ్ చూసేవాళ్లలో కొనేవాళ్లుంటారు, మీ సరుకు అమ్మిపెట్టే డీలర్లుంటారు, మీకు అప్పో పెట్టుబడో ఇచ్చేవాళ్లుంటారు. ఈ ముగ్గురిలో ఎవరి మనసు మారితే మీకు లాభమో ముందు రాసుకోవాలి. చాలామంది కొనేవాళ్ల కోసం అనుకుని డబ్బు పెడతారు, ఫలితం డీలర్ల దగ్గర కనిపిస్తుంది. బేగం బజార్ హోల్‌సేల్ దుకాణంలో కొత్త మసాలా ప్యాకెట్ పెట్టించాలంటే మీ సేల్స్‌మన్ వారాల తరబడి తిరగాలి. టీవీలో యాడ్ మొదలైతే అదే దుకాణదారు, "అన్నా, టీవీల వస్తున్నది కదా, పది పెట్టెలు దించు, స్కీమ్ ఏమున్నది?" అని తనే అడుగుతాడు. మీకు కావలసింది ఇదే అయితే, ఐపీఎల్ దాకా వెళ్లకుండా తక్కువ ఖర్చుతోనే సాధించొచ్చు.

మరి పెద్ద యాడ్‌కే దక్కే లాభం ఏమిటి? ఫోన్‌లో వచ్చిన యాడ్‌ని మనం ఒంటరిగా చూస్తాం. మ్యాచ్ మధ్యలో వచ్చిన యాడ్‌ని పక్కింటివాళ్లు, ఆఫీసువాళ్లు, ఊళ్లో బంధువులు కూడా చూశారని మనకు తెలుసు. "అందరికీ తెలిసిన పేరు" అన్న ధైర్యం అక్కడే పుడుతుంది. పెళ్లికి నగలు కొనేటప్పుడు, పిల్లను హాస్టల్ కాలేజీలో చేర్పించేటప్పుడు, ఫ్లాటుకు అడ్వాన్స్ ఇచ్చేటప్పుడు ఆ ధైర్యానికి విలువ చాలా ఎక్కువ. 2008లో ఐపీఎల్ మొదలైనప్పుడు డీఎల్ఎఫ్ అనే ఢిల్లీ బిల్డర్ అయిదేళ్లకు 200 కోట్లు పెట్టి టైటిల్ స్పాన్సర్ అయింది. అప్పటిదాకా ఉత్తరాదిలోనే ఎక్కువగా వినబడిన పేరు మ్యాచ్ చూసే ప్రతి ఇంట్లోకీ వెళ్లింది. 2009లో మొబైల్ కంపెనీ వొడాఫోన్ యాడ్లలోని జూజూ బొమ్మల గురించి జనం మ్యాచ్‌తో పాటు మాట్లాడుకున్నారు.

"ఇంత ఖర్చు పెట్టాడంటే పారిపోయేవాడు కాదు" అన్న నమ్మకం కూడా ఈ లాభంలో భాగమే. కానీ ఆ నమ్మకం నిజం కానక్కర్లేదు. అమెరికాలో సూపర్ బౌల్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్‌లో 30 సెకన్ల యాడ్ ధర 2025లో దాదాపు 80 లక్షల డాలర్లు. 2000 జనవరిలో అక్కడ యాడ్ వేసిన పెట్స్ డాట్ కామ్ అనే పెంపుడు జంతువుల సామాను అమ్మే సైట్ అదే ఏడాది నవంబర్‌లో మూతపడింది. 2022 ఫిబ్రవరిలో వేసిన ఎఫ్‌టీఎక్స్ అనే క్రిప్టో కరెన్సీ కంపెనీ ఆ నవంబర్‌లోనే దివాలా తీసింది.

2. పోయినా తట్టుకోగల సొమ్ము ఎంతో రాసుకోండి

ఇది అన్నిటికంటే ముఖ్యమైన అడుగు. లెక్కతో సహా చూద్దాం.

నాచారంలో ఫ్యాక్టరీ ఉన్న పచ్చళ్లు, పొడుల కంపెనీ ఒకటుందనుకుందాం. ఏడాది అమ్మకాలు 40 కోట్లు. ముడిసరుకు, ప్యాకింగ్, రవాణా, డీలర్ మార్జిన్ పోగా వంద రూపాయల అమ్మకం మీద 30 రూపాయలు మిగులుతాయి. జీతాలు, అద్దెలు, వడ్డీలు కూడా పోయాక చేతికొచ్చేది 8 రూపాయలు. అంటే ఏడాదికి 3 కోట్ల 20 లక్షల లాభం.

ఏజెన్సీ తెచ్చిన ప్లాన్ ఇలా ఉందనుకోండి: హీరోకి కోటిన్నర, షూటింగ్‌కి 50 లక్షలు, టీవీ, పేపర్, మెట్రో పిల్లర్లకు రెండున్నర కోట్లు. మొత్తం నాలుగున్నర. ఏజెన్సీ కాగితంలో కనబడని ఖర్చు ఇంకొకటుంది: పెరిగే డిమాండ్ కోసం ముందే తయారు చేసే సరుకు, డీలర్లకు ఇచ్చే స్కీములు. దానికి 50 లక్షలు వేసుకుంటే 5 కోట్లు అయింది.

ఈ 5 కోట్లు వెనక్కి రావాలంటే అదనపు అమ్మకం ఎంత కావాలి? 5 కోట్లను 30 శాతంతో భాగిస్తే 16 కోట్ల 67 లక్షలు. అంటే ఇప్పుడున్న అమ్మకాల మీద దాదాపు 42 శాతం పెరగాలి, అది కూడా లాభం రావడానికి కాదు, పెట్టింది తిరిగి రావడానికి మాత్రమే.

ఇప్పుడు మూడు సందర్భాలు రాయండి. అమ్మకాలు 10 శాతం పెరిగితే 4 కోట్ల అమ్మకం, దాని మీద కోటీ 20 లక్షలు మిగులుతాయి, మిగతా 3 కోట్ల 80 లక్షలు పోయినట్టే. 25 శాతం పెరిగితే 3 కోట్లు మిగులుతాయి, మొదటి ఏడాది 2 కోట్ల నష్టం. అయితే ఆ కొత్త కొనుగోలుదారులు రెండో ఏడాది కూడా మీ ఆవకాయే కొంటే, మళ్లీ ఖర్చు పెట్టకుండానే ఇంకో 3 కోట్లు వస్తాయి, లెక్క లాభంలోకి తిరుగుతుంది. మూడోది, యాడ్ మీద గొడవ అయి వారంలోనే ఆపెయ్యాల్సి వస్తే 5 కోట్లూ పోతాయి. అది ఈ కంపెనీకి ఏడాదిన్నర లాభం.

రెండో సందర్భాన్ని కాస్త ఆగి చూడండి. అక్కడ లాభనష్టాలను తేల్చింది యాడ్ కాదు, మళ్లీ కొనడం. నెలనెలా కొనే సరుకు అమ్మేవాళ్లకు పెద్ద యాడ్ ఖర్చు రెండేళ్ల మీద సర్దుకుంటుంది. ఒక మనిషి జీవితంలో ఒకసారి కొనే ఫ్లాటు అమ్మేవాళ్లకు ఆ వెసులుబాటు లేదు, ఆ సీజన్‌లోనే తేలిపోవాలి.

నా సొంత హద్దు ఇది: ఒకే ప్రచారం మీద ఆరు నెలల లాభానికి మించి పెట్టొద్దు. ఈ కంపెనీకి అది కోటీ 60 లక్షలు. ఆ డబ్బులో హీరో రాడు, కానీ ఒక సీజన్‌లో ఒకే వేదిక మీద గట్టిగా కనబడొచ్చు. అప్పు తెచ్చి యాడ్ వెయ్యమని మాత్రం నేను ఎవరికీ చెప్పను. యాడ్ వర్కవుట్ కాకపోయినా ఈఎంఐ ఆగదు.

3. వేదికకు కూడా సొంత రిస్కు ఉంటుంది

టీవీ స్పాట్ పది సెకన్ల లెక్కన, పేపర్ చదరపు సెంటీమీటర్ లెక్కన, హోర్డింగ్ నెల అద్దె లెక్కన అమ్ముతారు. ధర బేరమాడటం ఏజెన్సీకి వచ్చు. మీరు చూడాల్సింది వేరే ఉంది.

మొదటిది అనుమతి. 2020 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం జీహెచ్ఎంసీ పరిధిలో నేల నుంచి 15 అడుగులు దాటిన ఎత్తులో ప్రకటన బోర్డులు పెట్టకూడదని ఉత్తర్వు ఇచ్చింది. మెట్రో పిల్లర్లకు, బస్ షెల్టర్లకు గిరాకీ పెరగడానికి అదొక కారణం. ఎవరైనా మంచి సెంటర్‌లో ఎత్తయిన హోర్డింగ్ తక్కువకి ఇస్తానంటే, ఆ చోటుకున్న అనుమతి పత్రం కాపీ అడగండి. ఇవ్వకపోతే అక్కడితో ఆపెయ్యండి. బోర్డు పీకేసిన రోజు ఫొటోలో కనబడేది ఏజెన్సీ పేరు కాదు, మీ పేరు.

రెండోది, వేదిక పక్కన మీతో పాటు నిలబడేదెవరు, వాళ్లకేమైతే మీకేమవుతుంది అన్నది. టీమిండియా జెర్సీ మీది పేర్లే చూడండి. ఫోన్ల కంపెనీ ఒప్పో మధ్యలో తప్పుకుంటే 2019లో ఆన్‌లైన్ చదువుల కంపెనీ బైజూస్ వచ్చింది. ఆ సంస్థ 2022 అక్టోబర్‌లో 2,500 మంది ఉద్యోగులను తీసేస్తున్నట్టు చెప్పి, తర్వాతి నెలలోనే ఫుట్‌బాల్ ఆటగాడు మెస్సీని అంబాసిడర్‌గా ప్రకటించింది. చివరికి 2024 జులైలో ఆ కంపెనీని దివాలా ప్రక్రియలోకి నెట్టిన పిటిషన్ ఎవరిదో తెలుసా? జెర్సీ స్పాన్సర్‌షిప్ బకాయిలు దాదాపు 158 కోట్లు రావాలన్న బీసీసీఐది. బైజూస్ తర్వాత జెర్సీ మీదికొచ్చిన ఆన్‌లైన్ ఆటల కంపెనీ డ్రీమ్11, 2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ కేంద్రం చట్టం తేవడంతో తప్పుకుంది. 2020లో చైనాతో సరిహద్దు గొడవల తర్వాత చైనా ఫోన్ల కంపెనీ వివో ఆ ఏడాది ఐపీఎల్ టైటిల్ వదులుకుంది. వీటిలో ఏ యాడ్ స్క్రిప్టులోనూ తప్పు లేదు. కంపెనీ చేతి డబ్బు, చట్టం, దేశాల మధ్య సంబంధాలు మారాయి, అంతే.

సీజన్ సంగతి మన వ్యాపారులకు నేను చెప్పేదేమీ లేదు. ఆషాఢంలో బట్టలు, అక్షయ తృతీయకి బంగారం, ఎండాకాలంలో కూలర్లు అందరికీ తెలిసినవే. అయితే ఆ రోజుల్లో అందరూ యాడ్లు వేస్తారు కాబట్టి ధర ఎక్కువ, మీ గొంతు వినబడేది తక్కువ. చిన్న బ్రాండ్‌కి పండగకు మూడు వారాల ముందు వేసుకోవడమే నయం. ఐపీఎల్ కావాల్సిందే అంటే దేశమంతా కొనక్కర్లేదు, తెలుగు ప్రసారం వరకే అడగండి.

4. హీరోని తీసుకుంటే హీరో జీవితాన్నంతా తీసుకున్నట్టే

తెలుగు రాష్ట్రాల్లో సెలబ్రిటీ యాడ్‌కి మిగతా చోట్ల లేని చిక్కులున్నాయి. ఇక్కడ హీరోలకు అభిమాన సంఘాలున్నాయి, వాటి మధ్య పోట్లాటలున్నాయి. హీరోలు రాజకీయాల్లోకి వెళతారు: చిరంజీవి 2008లో ప్రజారాజ్యం పెట్టారు, పవన్ కల్యాణ్ 2014లో జనసేన పెట్టారు. నిన్నటిదాకా అందరివాడుగా ఉన్న ముఖం పార్టీ జెండా పక్కన కనబడిన రోజు నుంచి, అవతలి పార్టీ ఇంట్లో మీ ప్యాకెట్ కూడా ఒక పక్షం అయిపోతుంది. ఒక్క మాట కూడా చాలు. 2015 నవంబర్‌లో ఆమిర్ ఖాన్ దేశంలో అసహనం గురించి అన్న మాటకు, ఆయన ప్రచారం చేస్తున్న స్నాప్‌డీల్ యాప్‌ని జనం ఫోన్లలోంచి తీసేశారు, రేటింగులు పడగొట్టారు. ఆ మాటతో కంపెనీకి ఏ సంబంధమూ లేదు.

రెండో వైపు నుంచి కూడా చూడాలి. మీ సరుకులో లోపముంటే హీరోకీ తలనొప్పే. 2015లో మ్యాగీ నూడుల్స్ గొడవలో ప్రచారం చేసిన నటుల మీదా కేసులు పెట్టారు. 2016లో అమ్రపాలి ఫ్లాట్లు కొన్నవాళ్లు ట్విట్టర్‌లో నిలదీస్తే ధోని అంబాసిడర్ పదవి వదులుకున్నాడు. 2025 మార్చిలో బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేశారని మియాపూర్ పోలీస్ స్టేషన్‌లో పలువురు సినీ, సోషల్ మీడియా ప్రముఖుల మీద కేసు నమోదైంది. అప్పటి నుంచి పేరున్నవాళ్ల మేనేజర్లు కాగితాలు అడగడం పెరిగింది. అది మంచిదే. మీ లైసెన్సులు, ల్యాబ్ రిపోర్టులు ముందే ఒక ఫైల్‌లో పెట్టుకుంటే మాటలు త్వరగా తేలతాయి.

అగ్రిమెంట్‌లో ఇవి ఉన్నాయో లేదో మీ లాయర్ చేత చదివించడం కాదు, మీరే చదివి చూడండి:

- ఎన్ని రోజుల కాల్‌షీట్, రోజుకి ఎన్ని గంటలు. షూటింగ్ వాయిదా పడితే సెట్ ఖర్చు ఎవరిది.
- మీ రంగంలో ఇంకో బ్రాండ్‌కి చెయ్యకూడదన్న షరతు. "ఆహార పదార్థాలు" అని గుండుగుత్తగా రాస్తే ఒప్పుకోరు, "పచ్చళ్లు, పొడులు, రెడీమిక్స్" అని విడివిడిగా రాయించుకోండి.
- రాజకీయ పార్టీలో చేరినా, పోటీ చేసినా, క్రిమినల్ కేసులో చార్జిషీటు పడినా బయటికొచ్చే హక్కు, మిగిలిన కాలానికి ఫీజు వాపసు.
- సినిమా గెటప్. గడ్డం, జుట్టు మారిపోతే మీ యాడ్‌లో మనిషి వేరే మనిషిలా ఉంటాడు.
- సోషల్ మీడియా పోస్టులు ఎన్ని, ఎవరి అకౌంట్ నుంచి, ఎంతకాలం ఉంచాలి.

ఫీజు వాపసు షరతుకు పెద్ద హీరోలు ఒప్పుకోరని ఏజెన్సీ అంటుంది. నిజంగానే కొందరు ఒప్పుకోరు. అప్పుడు ఫీజు మూడు వాయిదాల్లో ఇచ్చేలా మార్చండి: సంతకానికి కొంత, షూటింగ్‌కి కొంత, యాడ్ ప్రసారమై మూడు నెలలయ్యాక మిగతాది. చేతిలో మిగిలిన చివరి వాయిదాయే మీకు రక్షణ.

5. స్క్రిప్ట్‌ని యాడ్‌లో మాట పడినవాడి చెవితో వినండి

మన ఊరి ఉదాహరణ ఒకటి తీసుకుందాం. 2021 నవంబర్‌లో ర్యాపిడో బైక్ ట్యాక్సీ యాడ్‌లో అల్లు అర్జున్ దోసెలు వేసేవాడిగా కనిపిస్తాడు. ఆర్టీసీ బస్సు ఎక్కితే మసాలా దోసెలో కూర కుక్కినట్టు కుక్కేస్తారని, ర్యాపిడో అయితే చకచకా వెళ్లిపోవచ్చని చెబుతాడు. సినిమా భాష, పెద్ద హీరో, అందరికీ తెలిసిన బస్సు రద్దీ. యాడ్ పరంగా గట్టి ఐడియా. కానీ ఆర్టీసీ ఊరుకోలేదు. అప్పటి ఆర్టీసీ ఎండీ సజ్జనార్ ర్యాపిడోకూ హీరోకూ లీగల్ నోటీసులు పంపించారు. వ్యవహారం కోర్టుకెక్కింది, ఆ యాడ్ ప్రసారం ఆపాలని డిసెంబర్‌లో హైదరాబాద్ కోర్టు ఉత్తర్వు ఇచ్చింది.

ఆ స్క్రిప్ట్ ముందు ఎన్ని టేబుళ్ల మీద తిరిగి ఉంటుందో ఆలోచించండి. ఆ గదుల్లో రోజూ బస్సెక్కేవాళ్లు గానీ, బస్సు నడిపేవాళ్లు గానీ ఒక్కరున్నా ప్రశ్న వచ్చేది. ఆర్టీసీ ఇక్కడ మామూలు పోటీ కంపెనీ కాదు. వేలమంది ఉద్యోగులున్న ప్రభుత్వ సంస్థ, 2019లో 52 రోజులు సమ్మె చేసిన కార్మికులు, పల్లె నుంచి పట్నం వచ్చిన ప్రతి ఒక్కరికీ జ్ఞాపకముండే ఎర్ర బస్సు. అదంతా కలిపి చూస్తే రిస్కు హాస్యంలో లేదు, హాస్యం ఎవరి మీద పడిందన్న దాంట్లో ఉంది.

అందుకే షూటింగ్‌కి ముందు స్క్రిప్ట్‌ని చదివి వినిపించాలి. మీ ఆఫీసువాళ్లకు కాదు. పాతబస్తీలో ఒకరికి, కరీంనగర్ వైపు ఒకరికి, గుంటూరు వైపు ఒకరికి, యాడ్‌లో ఎవరి వృత్తిని చూపిస్తున్నారో ఆ వృత్తిలో ఉన్నవారికి. చదివాక "బాగుందా?" అని అడగొద్దు, మర్యాదకు బాగుందనే అంటారు. "దీంట్లో ఎవరికైనా మనసు నొచ్చుతుందా?" అని అడగండి. యాస సంగతి ప్రత్యేకంగా చూడండి. తెలివైనవాడి చేత ఒక యాసా, పనివాడి చేత ఇంకో యాసా మాట్లాడిస్తే ఇక్కడ ఎవరూ క్షమించరు. ముంబైలో రాసిన హిందీ యాడ్‌ని తెలుగులోకి దింపినప్పుడు ఈ పొరపాటు తరచుగా జరుగుతుంది.

మతం, కులం, కుటుంబం తాకే కథలైతే ఇంకో ప్రశ్న ముందే తేల్చుకోవాలి: గొడవైతే నిలబడతారా, వెనక్కి తీసుకుంటారా? 2019లో హోలీ యాడ్ మీద బహిష్కరణ పిలుపులొచ్చినా సర్ఫ్ ఎక్సెల్ దాన్ని వెనక్కి తీసుకోలేదు. 2020లో తనిష్క్ సీమంతం యాడ్‌ని తీసేసింది, షాపుల్లో పనిచేసేవాళ్ల క్షేమం కూడా ఒక కారణమని చెప్పింది. రెండూ ఆయా కంపెనీల పరిస్థితికి తగిన నిర్ణయాలే అనుకుంటాను. సబ్బుపొడి వేల దుకాణాల్లో ఉంటుంది, నగల షాపుకు బ్రాండ్ పేరున్న అద్దాల తలుపు ఉంటుంది. మీ షాపు గాజు తలుపు దగ్గర నిలబడే సెక్యూరిటీ మనిషిని గుర్తుపెట్టుకుని నిర్ణయించండి. 2023లో జొమాటో పర్యావరణ దినోత్సవానికి చేసిన యాడ్ సంగతి వేరు. అందులో ఒక సినిమాలోని దళిత పాత్రను చెత్తకు ప్రతీకగా వాడారు. అది ఎవరైనా ఒకసారి గట్టిగా చదివి ఉంటే ఆగిపోవాల్సిన స్క్రిప్ట్.

6. చట్టం దగ్గర పట్టుబడే చోట్లు

వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకు కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వెయ్యొచ్చు. ప్రచారం చేసినవారిని మొదటిసారి ఏడాది, తర్వాత మూడేళ్ల దాకా ప్రకటనల నుంచి నిషేధించవచ్చు. 2022 మార్గదర్శకాల్లో చాలామంది పట్టించుకోని నియమం ఒకటుంది: గొప్పలు ఏ భాషలో చెప్పారో షరతులు కూడా ఆ భాషలోనే ఉండాలి. తెలుగులో "పూర్తిగా ఉచితం" అని వేసి, కింద చీమల్లాంటి ఇంగ్లిష్ అక్షరాల్లో షరతులు వేస్తే కుదరదు.

రియల్ ఎస్టేట్ వాళ్లు రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ లేకుండా "ప్రీ లాంచ్" బోర్డు కూడా పెట్టకూడదు. శిక్ష ప్రాజెక్టు వ్యయంలో 10 శాతం దాకా ఉంటుంది. బ్రోచర్‌లో వేసిన క్లబ్‌హౌస్ కట్టకపోతే కొన్నవారు డబ్బు వడ్డీతో వెనక్కి అడగొచ్చు. కోచింగ్ సంస్థలకు 2024 నవంబర్‌లో విడిగా మార్గదర్శకాలొచ్చాయి: ఎంపికైన విద్యార్థి రాతపూర్వక అనుమతి లేకుండా పేరు, ఫొటో వాడకూడదు, నూరు శాతం సెలెక్షన్ లాంటి హామీలు ఇవ్వకూడదు. "ఒకటి, ఒకటి, రెండు, రెండు" అంటూ ర్యాంకులు చదివే మన టీవీ యాడ్లు చేసేవాళ్లు ఇది గోడకు అతికించుకోవాలి. మందులవాళ్లకు 1954 నాటి చట్టం ఉంది, షుగర్ నయం చేస్తామని ప్రకటించడమే నేరం.

పోటీ బ్రాండ్‌తో పోల్చాలనుకుంటే మీది మెరుగని రుజువుతో చెప్పొచ్చు, వాళ్లది పనికిరాదని చెప్పకూడదు. అనుమానముంటే 1985 నుంచి పనిచేస్తున్న యాస్కీ అనే ప్రకటనల ప్రమాణాల మండలి దగ్గర విడుదలకు ముందే సలహా తీసుకోవచ్చు.

7. ఒక జిల్లాలో వేసి చూడండి

వరంగల్‌లో ఆరు వారాలు లోకల్ కేబుల్, థియేటర్ స్లైడ్లు, ఆటో వెనక బోర్డులు, పేపర్ జిల్లా ఎడిషన్ తీసుకోండి. నిజామాబాద్‌లో ఏమీ వెయ్యొద్దు. రెండు చోట్లా డీలర్ల దగ్గరికి వెళ్లిన సరుకు కాదు, దుకాణం నుంచి జనం కొన్న సరుకు లెక్క తీయండి. యాడ్ వేసిన చోట అమ్మకం పెరగకపోతే రాష్ట్రమంతా వేసినా పెరగదు. ఏజెన్సీ "పెద్ద తెర మీద ప్రభావం వేరు" అంటుంది. కొంత నిజమే, కానీ సరుకు రుచీ, ధరా, పేరూ జనానికి పట్టాయా లేదా అన్నది ఇక్కడే తెలిసిపోతుంది.

8. యాడ్ పడిన మర్నాటికి సిద్ధంగా ఉండండి

2022 సూపర్ బౌల్‌లో కాయిన్‌బేస్ అనే క్రిప్టో కరెన్సీ కంపెనీ తెర మీద కదిలే ఒక క్యూఆర్ కోడ్ మాత్రమే చూపించింది. జనం ఒక్కసారిగా స్కాన్ చెయ్యడంతో సైట్ కాసేపు పనిచెయ్యలేదు. వాళ్ల స్థోమతకు అది చిన్న దెబ్బ. మన దగ్గర ఒక ఆదివారం మొదటి పేజీ యాడ్ వేసిన షోరూమ్‌లో, ఫోన్ ఎత్తడానికి ఒకే అమ్మాయి ఉండటం నేను చూశాను. సాయంత్రానికి ఆ అమ్మాయి గొంతు పోయింది, తీయని కాల్స్ ఎన్నో లెక్కే లేదు. యాడ్ ఖర్చులో చిన్న భాగం పెడితే నలుగురు మనుషులు, ఒక మిస్డ్ కాల్ నంబర్, తెలుగులో జవాబిచ్చే వాట్సాప్ వచ్చేవి.

సరుకు సంగతి మరీ ముఖ్యం. యాడ్ చూసి దుకాణానికి వెళ్లిన ఆమెకు మీ ప్యాకెట్ దొరక్కపోతే దుకాణదారు పక్క బ్రాండ్ ఇస్తాడు. మీ డబ్బుతో పోటీవాడికి కస్టమర్‌ను తెచ్చిపెట్టినట్టే. కనీసం వందలో 70 దుకాణాల్లో సరుకు కనబడేదాకా టీవీ యాడ్ మొదలుపెట్టకండి.

9. గొడవ రోజు ఎవరు మాట్లాడాలో ముందే రాయండి

ఒక పేజీ చాలు. యాడ్ ఆపే అధికారం ఎవరిది? ఒక్కరి పేరే రాయండి, ఆయన విమానంలో ఉంటే ఇంకొకరిది. చానల్, పేపర్, పిల్లర్ల ఏజెన్సీ, యూట్యూబ్ అన్నిచోట్లా ఆపడానికి ఎన్ని గంటలు పడుతుంది, ఆపినా డబ్బు ఎంత కట్టాలి? టీవీ స్పాట్ల రద్దుకు ముందస్తు నోటీసు గడువు రిలీజ్ ఆర్డర్‌లోనే, అంటే యాడ్ వెయ్యమని చానల్‌కిచ్చే కాగితంలోనే, రాయించుకోండి. బదులుగా వెయ్యడానికి హీరో, కథ ఏమీ లేని మామూలు యాడ్ ఒకటి, సరుకు, ధర, దొరికే చోటు చెప్పేది, ముందే తీసి పెట్టుకోండి. కొన్న స్లాట్లు వృథా కావు.

క్షమాపణ చెప్పాల్సి వస్తే తెలుగులో చెప్పండి, సూటిగా చెప్పండి. "ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే" అన్న మాట రాయొద్దు. నొచ్చుకున్నారు కాబట్టే కదా రాస్తున్నారు.

ఈ పనిలోనే డబ్బు కాగితాలు కూడా చూసుకోండి. ప్రకటన సేవల మీద 18 శాతం, పేపర్ స్థలం మీద 5 శాతం జీఎస్టీ పడుతుంది. ఆ పన్ను తర్వాత క్రెడిట్‌గా మీ లెక్కలో సర్దుబాటైనా ముందు చేతిలోంచే కట్టాలి. చిన్న కంపెనీలకు టెన్షన్ వచ్చేది ఎక్కువగా ఇక్కడే.

10. కొలవడం, కొనసాగించడం

యాడ్‌కి ముందు మూడు నెలల లెక్క లేకుండా తర్వాతి లెక్కకు అర్థం లేదు. వారం వారం మూడు అంకెలు చాలు: దుకాణం నుంచి అమ్మిన సరుకు, కొత్తగా కొన్నవాళ్లు, గూగుల్‌లో మీ పేరు పెట్టి వెతికినవాళ్లు. వ్యూస్ లెక్కలు చూసి మురిసిపోకండి, అవి కొనుక్కుంటే వస్తాయి. మొదటి నెల పెరుగుదలలో చాలా భాగం డీలర్లు నింపుకున్న స్టాకే. నాలుగో నెలలో, స్కీములు అయిపోయాక వచ్చే ఆర్డర్లు అసలు సంగతి చెబుతాయి.

హీరోతో రెండో ఏడాదికి వెళ్లాలా వద్దా అన్నది ఆ నాలుగో నెల లెక్కతోనే తేల్చండి, మూడో త్రైమాసికం దాటనివ్వొద్దు. ఎందుకంటే వద్దనుకుంటే పని చాలా ఉంటుంది. ఒప్పందం ముగిసిన మర్నాటి నుంచి ఆ ముఖం మీ ప్యాకెట్ మీద, డీలర్ షట్టర్ మీద, డెలివరీ వ్యాన్ మీద, వెబ్‌సైట్‌లో ఉండకూడదు, ఉంటే లీగల్ నోటీసు వస్తుంది. కాబట్టి అగ్రిమెంట్ రాసేటప్పుడే పాత ప్యాకింగ్ అమ్ముకోవడానికి మూడు నెలల గడువు అడిగి తీసుకోండి. ముగింపు తేదీకి తొంభై రోజుల ముందు కొత్త ప్యాకింగ్‌కి ఆర్డర్ ఇవ్వండి. ఊళ్లలో గోడల మీద వేయించిన పెయింటింగుల జాబితా మీ సేల్స్ టీమ్ దగ్గర ఉందో లేదో కనుక్కోండి. అన్నిటికంటే ఆఖరున చెరిగేవి అవే.